జీపీయూ కార్డు వీఎంకి ఇస్తే 48 జీబీ ర్యామ్ మొత్తం పోతాండాది, ఇది లీకా?

అనంత_ల్యాబ్ (అనంతపురం)

అందరికీ నమస్తే. కాలేజీ ల్యాబ్‌లో ఒక సర్వర్ ఉండాది, 64 జీబీ ర్యామ్, ఒక జీపీయూ కార్డు, లైనక్స్ మీద కేవీఎం (ఒకే సర్వర్‌లో వీఎంలు, అంటే వర్చువల్ కంప్యూటర్లు నడిపే సౌకర్యం). ఇన్నాళ్లు పిల్లోళ్లకి చిన్న చిన్న వీఎంలు ఇచ్చి నడిపిస్తా వచ్చినాం, అన్నీ కూడితే 64 దాటేది కానీ ఎవురూ ఒకేసారి మొత్తం వాడరు కాబట్టి బెలూనింగ్ (వీఎం వాడని ర్యామ్ వెనక్కి తీసుకోవడం), కేఎస్ఎం (ఒకే రకంగా ఉన్న మెమరీ ముక్కలను కలిపి ఒకటే ఉంచడం) రెండూ కలిసి ఎట్లనో సర్దుకుంటాండె. ఇప్పుడు ఫైనల్ ఇయర్ వాళ్లు వేరుశనగ ఆకుల ఫోటోలు తీసి తిక్క ఆకుమచ్చ తెగులు గుర్తుపట్టే మోడల్ ట్రైన్ చేస్తాండారు, దానికి జీపీయూ కావాల, అందుకని 48 జీబీతో ఒక వీఎం చేసి కార్డుని వీఎఫ్ఐఓ (డివైస్‌ని వీఎంకి అప్పగించే లైనక్స్ భాగం) ద్వారా పాస్‌త్రూ, అంటే సూటిగా వీఎంకే ఇచ్చినా.

సమస్య ఏందంటే, గెస్ట్ (వీఎం) లోపల చూస్తే 4 జీబీ కూడా వాడకం లేదు, హోస్ట్‌లో (అసలు సర్వర్‌లో) ఫ్రీ కమాండ్ కొట్టి చూస్తే 48 జీబీ పోయినట్టు చూపిస్తాండాది. కార్డు తీసేసి అదే వీఎం స్టార్ట్ చేస్తే 4 జీబీ దగ్గరే ఉంటాది. కార్డు పెడితే స్టార్ట్ అవ్వడానికి కూడా శానా సేపు పడుతుంది, స్క్రీన్ నల్లగా ఉండి హ్యాంగ్ అయిందేమో అనిపిస్తాది. ఇంకోటి, రూట్‌గా నడిపితే వస్తాండాది, మామూలు యూజర్‌తో స్క్రిప్ట్ నడిపితే మ్యాప్ డీఎంఏ ఫెయిల్డ్, క్యానాట్ అలోకేట్ మెమరీ అని మైనస్ 12 ఎర్రర్. 48 జీబీ ఖాళీ ఉన్నా అదే మాట. క్యూఈఎంయూలో (వీఎంని నడిపే ప్రోగ్రాం) మెమరీ లీక్ ఏమైనా ఉందా, లేక నేను చూసుకోవాల్సింది ఇంకేమన్నా ఉందా?

గుత్తి_కోట (అనంతపురం)

సార్, గ్రబ్‌లో (బూట్ సెట్టింగుల్లో) ఐఓఎంఎంయూ ఈక్వల్స్ పీటీ పెట్టినారా? అది పెడితే పాస్‌త్రూ మోడ్ వస్తుంది, సరిపోతుంది అని యాడో చదివినా. ఇంకా సీపీయూ పిన్నింగ్ కూడా చేయండి, పిన్ చేస్తే స్పీడ్ పెరుగుతుంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండూ మంచివే కానీ ఈ సమస్యకి రెండూ సంబంధం లేవు. ఆ పీటీ అనేది హోస్ట్ దగ్గరే ఉండిపోయే డివైస్‌ల కోసం, వాటి డీఎంఏకి (సీపీయూ లేకుండా డివైస్ తనే మెమరీ చదవడం, రాయడం) అడ్రెస్ ట్రాన్స్‌లేషన్ లేకుండా నేరుగా పోనిస్తుంది, అంటే హోస్ట్ నెట్‌వర్క్ కార్డుకి, డిస్క్ కంట్రోలర్‌కి రోంత భారం తగ్గుతుంది, అంతే. గెస్ట్‌కి ఇచ్చిన కార్డుకి ట్రాన్స్‌లేషన్ ఎట్లైనా ఉంటుంది, ఉండి తీరాల. సీపీయూ పిన్నింగ్ అంటే వీసీపీయూని (వీఎంకి ఇచ్చిన వర్చువల్ సీపీయూని) ఒక కోర్‌కి కట్టేయడం. ఇక్కడ మాట్లాడేది మెమరీ పిన్నింగ్, అంటే పేజీని (మెమరీలో ఒక చిన్న ముక్కని) ఉన్నచోటే కదలకుండా బిగించడం, అది వేరే సంగతి.

సార్, లీక్ కాదు. అది అట్లనే ఉండాల, కారణం చెప్తా.

మామూలు వీఎంలో గెస్ట్ తన ఫిజికల్ అడ్రెస్ అనుకునేది నిజం ఫిజికల్ కాదు. హోస్ట్‌లో క్యూఈఎంయూ ప్రాసెస్‌కి ఉన్న వర్చువల్ మెమరీలో అదొక ముక్క. గెస్ట్ ఒక పేజీని మొదటిసారి ముట్టుకున్నప్పుడే హోస్ట్‌లో నిజం పేజీ పుడుతుంది. సీపీయూ వైపు ఈ మార్పిడి ఇంటెల్‌లో ఈపీటీ, ఏఎండీలో ఎన్‌పీటీ టేబుళ్లు చూసుకుంటాయి. టేబుల్‌లో ఎంట్రీ లేకపోతే ఫాల్ట్ వస్తుంది, కెర్నల్ నిదానంగా పేజీ తెచ్చి ఎంట్రీ రాసి గెస్ట్‌ని మళ్లీ నడిపిస్తుంది, గెస్ట్‌కి ఇదేమీ తెలీదు. మీ బెలూనింగ్, కేఎస్ఎం, స్వాప్, ఓవర్‌కమిట్ (ఉన్నదానికంటే ఎక్కువ ర్యామ్ పంచడం) అన్నీ ఈ ఫాల్ట్ అనే సౌకర్యం మీదే బతుకుతున్నాయి.

కార్డుకి ఆ సౌకర్యం లేదు. జీపీయూ డ్రైవర్ గెస్ట్‌లో కూచుని కార్డుకి ఒక అడ్రెస్ ఇస్తుంది, ఇక్కడ రాయి అని. కార్డు ఆ అడ్రెస్‌తో బస్ మీదికొస్తే మధ్యలో ఐఓఎంఎంయూ, అంటే ఇంటెల్‌లో వీటీ-డీ, ఏఎండీలో ఏఎండీ-వీఐ, తన టేబుల్ చూసి నిజం ఫిజికల్ అడ్రెస్‌కి మార్చి పంపుతుంది. ఆ టేబుల్‌లో ఎంట్రీ లేకపోతే ఆగి తెచ్చి పెట్టే పని జరగదు, ఆ డీఎంఏ అక్కడికక్కడే పడిపోతుంది, లాగ్‌లో ఒక ఫాల్ట్ లైను మిగులుతుంది, గెస్ట్‌లో డ్రైవర్ కూలిపోతుంది. డివైస్ కూడా పేజీ అడిగి తెప్పించుకునేదానికి పీఆర్ఐ అని పీసీఐ స్టాండర్డ్‌లో ఒక దారి ఉంది, కానీ వీఎఫ్ఐఓలో మనం వాడే టైప్1 బ్యాకెండ్ (ఐఓఎంఎంయూ మ్యాపింగ్ చేసే భాగం) దాని మీద నడవదు.

అందుకే క్యూఈఎంయూ స్టార్ట్ అయ్యేటప్పుడే గెస్ట్ ర్యామ్ మొత్తాన్ని వీఎఫ్ఐఓకి ఇచ్చి మ్యాప్ చేయమంటుంది. కెర్నల్ ప్రతి పేజీని పుట్టించి, సున్నాలతో నింపి, పిన్ చేసి, ఐఓఎంఎంయూ టేబుల్‌లో రాస్తుంది. 48 జీబీ అంటే 4 కేబీ పేజీలు 1,25,82,912. మీ స్క్రీన్ నల్లగా ఉన్నంతసేపూ ఇదే పని జరుగుతాంటుంది.

దేవుని_కడప (కడప)

అన్నా బాగా చెప్పినావు. నాకు ఒక అనుమానం. మొత్తం ఎందుకు పిన్ చేయాల? కార్డుకి గెస్ట్ డ్రైవర్ ఇచ్చే బఫర్లు ఏ కొన్ని వందల ఎంబీలో ఉంటాయి, అవి మాత్రం పిన్ చేస్తే చాలదా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

చాలు, కానీ అవి ఏవో హోస్ట్‌కి ఎట్ల తెలియాల? గెస్ట్ డ్రైవర్ అడ్రెస్‌ని కార్డు రిజిస్టర్లలోకో, మెమరీలో ఉన్న కమాండ్ క్యూలోకో నేరుగా రాస్తుంది. కార్డు బీఏఆర్‌లు (కార్డు రిజిస్టర్లు, మెమరీ కనబడే అడ్రెస్ కిటికీలు) గెస్ట్‌కి సూటిగా మ్యాప్ అయి ఉంటాయి కాబట్టి ఆ రాత హోస్ట్ కళ్లబడదు. కళ్లబడకపోవడం వల్లే పాస్‌త్రూ అంత స్పీడ్. ఏ పేజీ అడుగుతుందో తెలీనప్పుడు అన్నీ సిద్ధంగా ఉంచడం తప్ప దారి లేదు.

గెస్ట్‌కి కూడా ఒక ఐఓఎంఎంయూని చూపిస్తే, అంటే వీఐఓఎంఎంయూ పెడితే, అప్పుడు గెస్ట్ మ్యాప్ చేసిన పేజీలే హోస్ట్‌కి తెలుస్తాయి, అవి మాత్రమే పిన్ అవుతాయి. దానికి వేరే ఖర్చులు ఉన్నాయి, గండికోట అన్న ఆ పనిలోనే ఉంటాడు, ఆయన చెప్తే బాగుంటుంది.

అనంత_ల్యాబ్ (అనంతపురం)

ఇప్పుడు అర్థమయింది. అయితే ఎంలాక్ చేసినట్టే కదా? క్యూఈఎంయూలో మెమ్-లాక్ ఆన్ అని ఆప్షన్ ఉంది, అది పెట్టినా ఇదే ఫలితం కదా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

సార్, ఈ తేడా దగ్గర శానామంది ఆగిపోతారు. ఎంలాక్ అంటే పేజీ ర్యామ్‌లోనే ఉండాల, స్వాప్‌కి పోకూడదు, అంతవరకే. కానీ కెర్నల్ దాన్ని ర్యామ్‌లో ఒకచోటు నుంచి ఇంకోచోటుకి జరపొచ్చు, మెమరీ కంపాక్షన్ అప్పుడు, న్యూమా బ్యాలెన్సింగ్ (పేజీని దాన్ని వాడే సీపీయూకి దగ్గరున్న మెమరీకి జరపడం) అప్పుడు జరుపుతుంది కూడా. జరిపినాక సీపీయూ టేబుళ్లు సరిదిద్దుకుంటుంది కాబట్టి ప్రోగ్రాంకి తేడా తెలీదు. ఐఓఎంఎంయూ టేబుల్‌ని ఎవురు సరిదిద్దాల?

మన అనంతపురం తట్టు చూసే ఉంటారు, నీళ్లు చూసే ఆయన చేనులో పాయింట్ పెట్టి టెంకాయ గుర్తు ఉంచిపోతాడు, రాత్రికి బోరు బండి వచ్చి ఆ గుర్తు దగ్గరే దింపేస్తుంది, ఎవురినీ అడగదు. మధ్యలో గుర్తు ఎవురైనా జరిపితే బోరు ఇంకొకరి చేనులో పడుతుంది. కార్డు కూడా అంతే, దానికిచ్చిన ఫిజికల్ పేజీ ఇప్పుడు వేరే ప్రాసెస్‌దైనా సరే అందులో రాసేస్తుంది. అందుకే పిన్ అంటే స్వాప్‌కి పోకూడదు, జరగనూ కూడదు, ఆ ఫిజికల్ అడ్రెస్ అట్లనే ఉండాల. ఎక్కువకాలం ఉండే పిన్ కాబట్టి కెర్నల్ ముందుగా ఆ పేజీలను మూవబుల్ జోన్, సీఎంఏ అనే, కదిలే పేజీలకే ఉంచిన చోట్ల నుంచి బయటికి జరిపి ఆ తర్వాతే పిన్ చేస్తుంది.

కాబట్టి ఎంలాక్ పెట్టినా పెట్టకపోయినా వీఎఫ్ఐఓ తన పిన్ తాను చేసుకుంటుంది.

గుత్తి_కోట (అనంతపురం)

మరి బెలూనింగ్ ఆన్‌లోనే ఉంది కదా సార్ వాళ్ల వీఎంలో, అది గెస్ట్ నుంచి పేజీలు వెనక్కి తీసుకోదా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

తీసుకోదు తమ్ముడూ, తీసుకోకూడదు కూడా. వీఎఫ్ఐఓ డివైస్ ఉంటే క్యూఈఎంయూ బెలూన్‌ని లోపల్లోపలే ఆపేస్తుంది. గెస్ట్‌లోని బెలూన్ డ్రైవర్ పేజీలు ఇచ్చేస్తుంది, గెస్ట్‌కి మెమరీ తగ్గినట్టే కనబడుతుంది, కానీ హోస్ట్ వాటిని వదలదు, అంటే గెస్ట్‌కి పోయింది, హోస్ట్‌కి రాలేదు. పాస్‌త్రూ వీఎంలో బెలూన్ పెట్టుకోవడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు, తీసేయండి.

ఆపకపోతే ఏమవుతుందో ఒకసారి ఆలోచించు. బెలూన్ పేజీని వదిలేస్తుంది, కార్డు పిన్ మాత్రం పాత పేజీ మీదే ఉంటుంది. కాసేపటికి గెస్ట్ ఆ అడ్రెస్‌ని మళ్లీ వాడుకుంటే సీపీయూకి కొత్త పేజీ పుడుతుంది. ఇప్పుడు ఒకే గెస్ట్ అడ్రెస్‌కి సీపీయూ ఒక పేజీ చూస్తుంది, కార్డు ఇంకో పేజీ చూస్తుంది. ట్రైనింగ్ నడుస్తానే ఉంటుంది, అంకెలు మాత్రం చెడిపోయి ఉంటాయి, ఎర్రర్ కూడా రాదు. క్రాష్ కంటే ఇదే భయంకరం నా దృష్టిలో. పిన్ అయిన పేజీలను కేఎస్ఎం కూడా ముట్టదు, కారణం ఇదే.

గండికోట_గాలి (కడప)

పొద్దుననుంచి చూస్తాండా, ఇప్పుడు తీరింది. ముందు మైనస్ 12 సంగతి చూద్దాం ఎందుకంటే సార్‌కి అదే అడ్డం పడింది.

మెమరీ లేక వచ్చే ఎర్రర్ కాదు సార్ అది. వీఎఫ్ఐఓ పిన్ చేసే ప్రతి పేజీని ఆ ప్రాసెస్ లాక్డ్ మెమరీ ఖాతాలో రాస్తుంది, ఆ ఖాతాకి మెమ్‌లాక్ అని లిమిట్ ఉంటుంది. కెర్నల్ సొంత డిఫాల్ట్ ఎన్నో ఏళ్లు 64 కేబీ ఉండె, 5.16 నుంచి 8 ఎంబీ చేసినారు. 8 ఎంబీ లిమిట్‌లో 48 జీబీ పట్టదు కదా. రూట్‌కి ఐపీసీ-లాక్ కేపబిలిటీ ఉంటుంది కాబట్టి లిమిట్ లెక్కలోకి రాదు, అందుకే రూట్‌తో నడిచింది. అట్లని రూట్‌తోనే నడపొద్దు. లిమిట్స్ ఫైల్‌లో ఆ యూజర్‌కి మెమ్‌లాక్ పెంచండి, ర్యామ్ మీద ఒక జీబీ మార్జిన్ వేసుకోండి, లిబ్‌విర్ట్ (వీఎంలు నిర్వహించే టూల్) కూడా తనంతట తాను పెట్టేటప్పుడు 1 జీబీ కలుపుతుంది. ఆ ఫైల్‌లో అంకె కేబీల్లో ఉంటుంది, 49 జీబీ అంటే 5,13,80,224, కామాలు లేకుండా రాయాల. రాసినాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాల. స్క్రిప్ట్‌ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడిపితే మాత్రం ఆ ఫైల్ పనిచేయదు, సర్వీస్ ఫైల్‌లోనే లిమిట్-మెమ్‌లాక్ ఇవ్వాల. పని అయ్యిందా లేదా చూసేదానికి ప్రాక్ కింద క్యూఈఎంయూ ప్రాసెస్ స్టేటస్‌లో వీఎం-ఎల్‌సీకే లైన్ చూడండి, 48 జీబీ దగ్గర ఉండాల. పక్కనే వీఎం-పిన్ అని ఇంకో లైన్ ఉంటుంది, టైప్1 బ్యాకెండ్ అందులో రాయదు, అది సున్నా ఉందని కంగారు పడొద్దు.

ఇంక వీఐఓఎంఎంయూ. నా పని నెట్‌వర్క్ కార్డులతో, గెస్ట్ లోపల డీపీడీకే (కెర్నల్‌ని తప్పించి ప్యాకెట్లు సూటిగా నడిపే సాఫ్ట్‌వేర్) నడుపుతాం, దానికి గెస్ట్‌లోనే మళ్లీ వీఎఫ్ఐఓ కావాల, కాబట్టి గెస్ట్‌కి ఐఓఎంఎంయూ చూపించక తప్పదు. ఇంటెల్ ఐఓఎంఎంయూ మోడల్ అయితే క్యాషింగ్-మోడ్ ఆన్ చేయాల, లేకపోతే గెస్ట్ కొత్తగా చేసిన మ్యాపింగ్ క్యూఈఎంయూకి తెలీదు. దీంట్లో గెస్ట్ ప్రతి మ్యాప్‌కి, అన్‌మ్యాప్‌కి బయటికి వచ్చిపోవాల, క్యూఈఎంయూ, హోస్ట్ కెర్నల్, పిన్, టేబుల్, ఇంత తతంగం. డీపీడీకే లాగా మొదట్లో ఒకసారి పెద్ద ముక్కలు మ్యాప్ చేసి వదిలేసే పనికి బాగుంటుంది. గెస్ట్ కెర్నల్ డ్రైవర్ ప్రతి ప్యాకెట్‌కి మ్యాప్ చేసి తీసేసేలా ఉంటే స్పీడ్ పడిపోతుంది, ఆ పనికి పెట్టొద్దు.

ఇందులో ఇంకో లిమిట్ ఉంది. ఒక వీఎఫ్ఐఓ కంటైనర్‌లో (ఒకే టేబుల్ పంచుకునే డివైస్‌ల గుంపు) మ్యాపింగ్ ఎంట్రీలు డిఫాల్ట్‌గా 65,535 మాత్రమే. గెస్ట్ చిన్న చిన్న 4 కేబీ ముక్కలుగా మ్యాప్ చేసుకుంటా పోతే అది నిండుతుంది, అప్పుడు మైనస్ 28 వస్తుంది, దాని మాట నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్. ఆ మాట చూసి డిస్క్ నిండిందేమో అని లాగ్‌లు తుడిచేవాళ్లని చూసినా. డిస్క్‌కి సంబంధమే లేదు, వీఎఫ్ఐఓ టైప్1 మాడ్యూల్‌కి డీఎంఏ ఎంట్రీ లిమిట్ అని పారామీటర్ ఉంది, అది పెంచాల.

మైనస్ 22 అయితే అడ్రెస్ సంగతి. కొన్ని డెస్క్‌టాప్ ఇంటెల్ చిప్పుల్లో ఐఓఎంఎంయూ అడ్రెస్ వెడల్పు 39 బిట్లే, అంటే 512 జీబీ వరకే. గెస్ట్ ఫర్మ్‌వేర్ కార్డు బీఏఆర్‌ని అంతకంటే పైన పెట్టిందనుకోండి, మ్యాప్ కాదు. చాలాసార్లు వీఎం ఆగదు, ఒక హెచ్చరిక ఇచ్చి ముందుకు పోతుంది, కార్డు నుంచి కార్డుకి సూటిగా డీఎంఏ మాత్రం నడవదు. ఒకే కార్డు ఉంటే పట్టించుకోనక్కర్లేదు.

దేవుని_కడప (కడప)

అన్నా, జీపీయూతో పాటు దాని ఆడియో ఫంక్షన్ కూడా ఇస్తారు కదా, అంటే రెండు డివైస్‌లు. రెండుసార్లు పిన్ అయి 96 జీబీ కావాలా?

గండికోట_గాలి (కడప)

లేదప్పా. రెండూ ఒకే కంటైనర్‌లో ఉంటే టేబుల్ ఒకటే, మ్యాప్ ఒక్కసారే. వీఐఓఎంఎంయూ ఉన్నప్పుడు వేరే గ్రూపుల్లో ఉన్న డివైస్‌లకి వేరే వేరే అడ్రెస్ స్పేస్‌లు, వేరే కంటైనర్లు వస్తాయి, అప్పుడు అదే పేజీని ఎన్ని కంటైనర్లు పిన్ చేస్తే లిమిట్ ఖాతాలో అన్నిసార్లు పడుతుంది. పేజీ ఒకటే, ర్యామ్ డబుల్ కాదు, లెక్క మాత్రం డబుల్ అవుతుంది, మెమ్‌లాక్ దానికి తగ్గట్టు పెంచాల.

2023 ఫిబ్రవరిలో వచ్చిన కెర్నల్ 6.2లో ఐఓఎంఎంయూఎఫ్‌డీ అని కొత్త ఇంటర్‌ఫేస్ పెట్టినారు, క్యూఈఎంయూ 9.0 నుంచి దాన్ని వాడుకోవచ్చు. ఈ రెండు లెక్కల గోల అందులో బాగా సర్దినారు. అయితే పిన్ అవసరం అందులోనూ పోలేదు.

గుత్తి_కోట (అనంతపురం)

సార్ వాళ్ల బోర్డులో జీపీయూ, నెట్‌వర్క్ కార్డు ఒకే ఐఓఎంఎంయూ గ్రూపులో ఉంటే ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ వేసి విడదీయొచ్చు. నేను ఇంట్లో పీసీకి వేసినా, బాగానే నడుస్తాంది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

ఇంట్లో నీ పీసీకి వేసుకో, అభ్యంతరం లేదు. కాలేజీ ల్యాబ్‌లో మాత్రం వద్దు, దీని మీద నేను గట్టిగానే చెప్తా. ఒకే గ్రూపులో రెండు డివైస్‌లు ఎందుకు పడతాయి? ఆ రెండూ మధ్యలో స్విచ్ దగ్గరే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే ఐఓఎంఎంయూ వరకు ఆ మాట రాదు, ఆపే దిక్కు లేదు అని హార్డ్‌వేర్ చెప్తాంది కాబట్టి. ఆ ప్యాచ్ హార్డ్‌వేర్‌ని మార్చదు, విడిగా ఉన్నాయని కెర్నల్‌కి అబద్ధం చెప్తుంది అంతే. మెయిన్ కెర్నల్‌లోకి దాన్ని తీసుకోకపోవడానికి కారణం ఇదే. వీఎంలో పిల్లోళ్లకి రూట్ ఉంటుంది, అంటే కార్డుతో ఏ అడ్రెస్‌కైనా డీఎంఏ కొట్టించగలరు. హోస్ట్‌కీ వాళ్లకీ మధ్య ఉన్న ఒకే గోడ ఐఓఎంఎంయూ. ఆ గోడకి మనమే కంత పెట్టుకోకూడదు. కార్డుని వేరే స్లాట్‌లోకి మార్చి చూడండి, ప్రాసెసర్‌కి సూటిగా తగిలే స్లాట్ అయితే చాలాసార్లు గ్రూపు విడిపోతుంది.

అనంత_ల్యాబ్ (అనంతపురం)

మేడం, మా బోర్డులో జీపీయూ, దాని ఆడియో రెండే ఒక గ్రూపులో ఉన్నాయి, చూసినా, ఆ బాధ లేదు.

అందరూ చెప్పింది విని ఈ రోజు లెక్క మార్చినా. ఇచ్చిన ర్యామ్ అంతా ఖర్చయినట్టే అనుకుని జీపీయూ వీఎంకి 40 జీబీ పెట్టి, బెలూన్ తీసేసి, మెమ్‌లాక్ 41 జీబీ చేసినా, మామూలు యూజర్‌తో స్టార్ట్ అయింది. వీఎం-ఎల్‌సీకే 40 జీబీ చూపిస్తాంది. మిగిలిన 24 జీబీలోనే హోస్ట్, పిల్లోళ్ల వీఎంలు, వాటిలో బెలూన్, కేఎస్ఎం ముందులాగే. స్టార్ట్ అయ్యే టైం మాత్రం ఇంకా తగ్గలేదు. హ్యూజ్ పేజీలు (4 కేబీ బదులు పెద్ద పేజీలు) పెట్టమంటారా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

పెట్టండి సార్, ఇట్లాంటి వీఎంకే అవి కావాల. ఎట్లా ర్యామ్ మొత్తం కదలకుండా ఉండిపోతుంది కాబట్టి చిన్న పేజీల వల్ల వచ్చే లాభం ఏదీ ఇక్కడ లేదు. 40 జీబీకి 2 ఎంబీ పేజీలు 20,480, 1 జీబీ పేజీలైతే 40. పిన్ చేసే లెక్క, ఐఓఎంఎంయూ టేబుల్ ఎంట్రీలు, రెండూ తగ్గుతాయి. కార్డు అడ్రెస్ అడిగినప్పుడు ఐఓఎంఎంయూ చూసే చిన్న క్యాష్, దాన్ని ఐఓటీఎల్‌బీ అంటారు, అందులో ఒక్క ఎంట్రీతో ఎక్కువ మెమరీ కవర్ అవుతుంది, కాబట్టి నడిచేటప్పుడు కూడా లాభమే. మెమ్‌లాక్ అట్లనే ఉంచండి, హ్యూజ్ పేజీలు కూడా ఆ ఖాతాలో పడతాయి.

1 జీబీ పేజీలు బూట్ టైంలోనే రిజర్వ్ చేయండి, సర్వర్ కొన్ని రోజులు నడిచినాక వరుసగా 1 జీబీ ఖాళీ దొరకడం కష్టం. సీపీయూ ఫ్లాగుల్లో పీడీపీఈ1జీబీ ఉందో చూసుకోండి. రెండు సాకెట్ల సర్వర్ అయితే కార్డు ఏ న్యూమా నోడ్‌కి తగిలి ఉందో చూసి ఆ నోడ్ మెమరీనే వీఎంకి స్ట్రిక్ట్‌గా కట్టండి, ఒకసారి తప్పు నోడ్‌లో పిన్ అయితే వీఎం ఆపేవరకు జరగదు.

సున్నాలతో నింపే పని హ్యూజ్ పేజీలకీ ఉంటుంది, దానికి క్యూఈఎంయూలో ప్రీఅలొకేట్ ఆన్ చేసి థ్రెడ్లు ఎక్కువ ఇస్తే ఆ పని పంచుకుంటాయి.

అనంత_ల్యాబ్ (అనంతపురం)

ఒకటే సాకెట్. 40 పేజీలు రిజర్వ్ చేసి రీబూట్ చేసినా, ఇప్పుడు బిన్నా వస్తాంది, ముందున్న నల్ల స్క్రీన్ లేదు. ట్రైనింగ్ రాత్రి వేసి పోతాం. ఒక్కటి అడగాల. ఈ జీపీయూ వీఎం పగలు ఆపేస్తే ఆ 40 జీబీ ల్యాబ్ వీఎంలకి వస్తుందా? పగలు రెండు బ్యాచ్‌లకి ల్యాబ్ ఉంటుంది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

వీఎం ఆపినప్పుడు వీఎఫ్ఐఓ కంటైనర్ మూసుకుంటుంది, మ్యాపింగ్‌లు పోతాయి, పిన్‌లు కూడా పోతాయి. మామూలు 4 కేబీ పేజీలు అయితే ఆ ర్యామ్ వెంటనే అందరికీ వచ్చేస్తుంది. హ్యూజ్ పేజీలు పిన్ వదిలినా రిజర్వ్ పూల్‌లోనే ఉండిపోతాయి, మామూలు వీఎంలకి అవి అందవు. పూల్ అంకె తగ్గించి పగలు వదిలేయొచ్చు, కానీ సాయంత్రం మళ్లీ 40 కావాలంటే దొరుకుతాయన్న నమ్మకం లేదు, ల్యాబ్ వీఎంలు ర్యామ్‌ని అప్పటికే ముక్కలు చేసి ఉంటాయి.

రోజూ ఇచ్చిపుచ్చుకునేది అయితే నా ఓటు 2 ఎంబీ పేజీలకి. స్టార్ట్ టైంలో 1 జీబీ అంత రాకపోయినా 4 కేబీ కంటే ఎంతో మేలు, సాయంత్రం ల్యాబ్ వీఎంలు ఆపి కంపాక్షన్ ఒకసారి నడిపి పూల్ పెంచితే దొరికే అవకాశం ఎక్కువ. మెమ్‌ఇన్‌ఫోలో హ్యూజ్‌పేజెస్ ఫ్రీ 20,480 చూపించినాకే వీఎం స్టార్ట్ అయ్యేట్టు స్క్రిప్ట్‌లో ఒక చెక్ పెట్టుకోండి.